కానుగ చెట్లకు తాడు కట్టరాదు

మా వీధి మొదట్లో, మొదటి కానుగ చెట్టు పక్కన, ఇనుప కాలు మీద ఒక పచ్చ బోర్డు ఉంది. ఈ చెట్లకు మేకు కొట్టరాదు, తాడు గాని తీగ గాని కట్టరాదు, ఎవరికీ మినహాయింపు లేదు అని అరవంలో రాసి, కింద ఇంగ్లీషులో కూడా అదే వేశారు. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఎంత ఖచ్చితంగా రాశారో అని మెచ్చుకుంటారు. ఆ మాట ఆఫీసువాళ్ళది కాదు, నాది. ప్రతి అక్షరం నేను రాసిందే. దానివల్లే మా చెల్లెలి మగ్గం ఆగిపోయింది.

గుడియాత్తం దాటి వేలూరు రోడ్డులో కొంత దూరం పోతే మా కాలనీ వస్తుంది. ఇప్పుడు దాన్ని అందరూ తోట కాలనీ అంటారు. ఒకప్పుడు అది నేతవాళ్ళ కోసమని వేసింది. ఊళ్ళో మా పాత వీధి మురుగుతో, ఇరుకుతో కుళ్ళిపోతుంటే, మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి నూలు కొట్టంలో నేల మీద పెద్ద ప్లాను పరిచాడు. ఇంటింటికీ చిన్న తోట, నడుమ గుండ్రటి పార్కు, దాని చుట్టూ వంపులు తిరిగే వీధులు. చదువుకున్న దేశాల్లో ఇట్లాగే కడతారని చెప్పాడు. మా పెద్దవాళ్ళంతా వంగి చూశారు. వీధుల పొడవునా రెండు పక్కలా పచ్చ సున్నాలు గీసి ఉన్నాయి.

మా నాన్న వాటిని వేలితో లెక్కబెట్టుకుంటూ పోయి, తలెత్తి అన్నాడు: "ఏమప్పా, ఇంటికి రెండు బావులు ఏస్తా ఉండారు!"

కొట్టమంతా సంతోషం. గంజి కాయడానికి, నూలుకు రంగు వేయడానికి మా ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు మోసుకొచ్చే రోజులవి. ఇన్ని బావులా అని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. వేలిముద్రలు వేసేశారు. నేనూ అక్కడే ఉన్నాను. అప్పటికే నాకు చదవడం వచ్చు. నేనూ బావులనే అనుకున్నాను. నేను నేర్చుకున్నది అక్షరాలు, బొమ్మలు కాదు. అవి చెట్లని ఇంజనీరూ చెప్పలేదు. మాకు పడుగు పరచడానికి తిన్నటి వీధి కావాలని మేమూ చెప్పలేదు. వీధి అంటే తిన్నగా ఉండేదే కదా అని మా నమ్మకం. ఆయనకు నేత తెలియదు, మాకు ప్లాను తెలియదు. ఎవరికి తెలిసింది వాళ్ళే పట్టుకుని ఒక ఊరు కట్టాం.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పడుగు అంటే బట్టలో నిలువుగా పోయే నూలు. మగ్గానికి ఎక్కించే ముందు దానికి గంజి పట్టించాలి. వీధి పొడవునా చాచి, రెండు కొసలూ తాళ్ళతో బిగించి, నడుమ వెదురు కర్రల మీద ఆనించి, చెరొక పక్కనా మనుషులు నిలబడి పొడుగాటి కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. గంజి ఆరేలోగా ఏ పోగుకు ఆ పోగు విడిపోవాలి. ఎండ ముదిరితే పోగులు పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. తిన్నటి వీధి, చల్లటి నీడ, ఈ రెండూ లేకుంటే మా పని లేదు.

కాలనీకి వచ్చిన మొదటి వారమే మా నాన్న ఇంటి ముందు పడుగు చాచబోయాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి అది అడ్డంగా లాగి ఎదురింటి గోడకు ఆనుకుంది. అదే వీధిలో ఉన్న మా మామ అరుగు మీద కూర్చుని చూస్తూ, "పడుగు పాము మాదిరి వంకర పోవల్లంటే ముందు దానికి నేర్పించల్ల బావా. నాగసొరం తెచ్చేదా?" అన్నాడు. మా నాన్న కుంచె విసిరికొట్టాడు. మామ నవ్వుతూనే దాన్ని ఏరి తెచ్చి ఇచ్చాడు.

కాలనీ మొత్తానికి తిన్నటి వీధి ఒకటే మిగిలింది. తూర్పు వైపు పంట కాలువ వెంబడి పోయేది. తరువాత మేము ఇల్లు మార్చుకుని అక్కడికే చేరాం, ఇప్పుడు మా వీధి అదే. కాలువ తిన్నగా ఉంది గనుక ఇంజనీరు దాన్ని వంచలేకపోయాడు. ఇక అందరి పడుగులూ అక్కడికే వచ్చాయి. వంతులు పెట్టుకున్నాం. కాని చెట్టన్నది లేదు. ప్లానులోని పచ్చ సున్నాల చోట పూల మొక్కలు నాటారు, మేకలు తినేశాయి. పొద్దు కొంచెం ఎక్కేసరికి పడుగు పటపటమనేది.

అప్పుడు మా నాన్న కాలువ గట్టు మీద మొలిచిన కానుగ మొక్కలు తవ్వి తెచ్చాడు. కానుగను మేక ముట్టదు. నీడ గట్టిది. ఆకు రాల్చినా ఒక్కసారిగా రాల్చి, వెంటనే చిగురిస్తుంది. మీటరు పట్టి ఎవరూ కొలవలేదు. వీధిలో పడుగు పరిచి, కర్ర నిలబడే ప్రతి చోటికీ పక్కగా గుంత తీయించాడు. రెండు కొసల్లోనూ తాడు కట్టడానికి అనువుగా రెండేసి చెట్లు పెట్టాడు. మొత్తం పదహారు. మా చెల్లెలికి అప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. నడుము మీద బిందె పెట్టుకుని రోజూ వాటికి నీళ్ళు పోసింది. గంజి కుండ కడిగిన నీళ్ళు కూడా వాటికే.

చెట్లు ఎదిగాయి. కొమ్మలు పైన కలుసుకున్నాయి. పది గంటలైనా కుంచె దించకుండా పని చేసుకునేవాళ్ళం. పడుగు పరిచి ఉంటే దాని మీదుగా ఎవరూ దాటేవాళ్ళు కాదు. వంగి కిందుగా పోవాలి, లేదా చుట్టు తిరిగి పోవాలి. పెండ్లికొడుకైనా అంతే. ఒకసారి ఒక ఆఫీసరు జీపు వచ్చి నిలబడింది. ఆయన దిగి, చెట్టు నీడలో మా అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, "ఆరిందా అమ్మా?" అని రెండుసార్లు అడిగి, పడుగు ఎత్తిన తరువాతే పోయాడు. అట్లాంటి మర్యాద ఉండేది మా నూలుకు.

అదంతా ఎట్లా పోయిందో ఎవరికి తెలియదు! మరమగ్గాలు వచ్చాయి. నేసే ఇండ్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు వేలూరు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్ళు. వేలూరు ఎండలో బతికినవాళ్ళకు నీడ అంటే ఏమిటో తెలుసు. మా వీధి చూసి మురిసిపోయారు. కార్లు వచ్చాయి, గేట్లు వచ్చాయి, పొద్దున్నే బూట్లు వేసుకుని నడవడం వచ్చింది. కాలనీకి ఒక సంగం పెట్టుకున్నారు. ఆ సంగం కార్యదర్శి బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి, మా తెలుగువాడే. బయటివాళ్ళు వస్తే వీధి చూపించి, "ఆ కాలపు ఇంజనీరుకు ఎంత ముందుచూపు చూడండి, చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం ఎంత లెక్కగా పెట్టినాడో" అంటాడు. నా చెవిన పడ్డప్పుడల్లా ఒళ్ళు మండేది. పిలిచి చెప్పాను కూడా. "అట్లనా పెద్దాయనా!" అని ఆశ్చర్యపోయాడు. మళ్ళీ వారం ఇంకెవరికో ఇంజనీరు ముందుచూపే చెప్పాడు.

చివరికి మొత్తం కాలనీలో ఆడే మగ్గం ఒక్కటే మిగిలింది, మా చెల్లెలిది. ఆమె మొగుడు పోయి చాలాకాలమైంది. ఆమె, కోడలు, పక్క వీధిలోని ఇద్దరు ముసలి నేతగాళ్ళు కలిసి నెలకో రెండు నెలలకో ఒక పడుగు పరిచేవాళ్ళు. అవి లుంగీల పడుగులు. నేను మోకాళ్ళు పోయి మగ్గం దిగి ఏళ్ళయింది.

మగ్గం దిగిన నాకు మిగిలింది కాగితం. నేను బడికి పోయింది మూడేళ్ళు, అదీ అరవ బడి. తెలుగు మాత్రం, చిత్తూరు వైపు నుంచి వచ్చే మూటలకు చుట్టిన పాత పేపర్ల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. అరవంలో అర్జీలు రాయడం ఆఫీసు గోడల మీది నోటీసులు చూసి నేర్చుకున్నాను. తప్పు కనిపిస్తే ఊరుకునే గుణం నాకు లేదు. రేషను షాపు మీద రాశాను, కాలువలో పోసే చెత్త మీద రాశాను. జవాబు వచ్చినవి తక్కువ.

తరువాత నా కోపం చెట్ల మీదికి, అంటే చెట్లను హింసించేవాళ్ళ మీదికి మళ్ళింది. ఎలక్షన్లు వస్తే కానుగలకు ఇంతేసి మేకులు దిగగొట్టి ఫ్లెక్సీలు. కేబులువాడు కొమ్మల్లోంచి తీగలు లాగాడు. పాలవాడు రెండు గేదెలను కట్టేసి, బెరడంతా ఒరుసుకుపోయేట్టు చేశాడు. నేను అడిగితే, "చెట్టు మీ అబ్బదా?" అన్నాడు. అవును, మా అబ్బదే! ఆ రోజే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. మేకు అని రాసి, పాలవాడు గుర్తొచ్చి తాడు అని చేర్చాను. కేబులువాడు గుర్తొచ్చి తీగ అని చేర్చాను. పార్టీలవాళ్ళు మాకు పర్మిషన్ ఉంది అంటారని, ఎవరికీ మినహాయింపు ఉండరాదు అని ముగించాను. ఆ చివరి మాట రాసినప్పుడు నాకు నేనే గట్టిగా చదివి వినిపించుకున్నాను. అంత బాగా కుదిరింది. మా పడుగు తాడు ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. కానుగకు తాడు కట్టి పడుగు బిగించడం అన్నం తినడం లాంటిది. దానికి ఎవరో ఒప్పుకోవాలని, ఎవరో వద్దనగలరని, నా బుర్రకు తట్టనే లేదు.

ఆ అర్జీకి జవాబు వచ్చింది! తాలూకా ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది, బోర్డు వచ్చింది. సంగంవాళ్ళు మీటింగు పెట్టి నా అర్జీ చదివి చప్పట్లు కొట్టారు, ఒక మిల్లు శాలువా కప్పారు. నేను ఆ శాలువాతోనే చెల్లెలిని బోర్డు దగ్గరికి పిలుచుకుపోయాను. ఆమెకు ఏ భాషా చదవడం రాదు.

"ఏమి రాసుండాదన్నా?"

"ఇంక మన చెట్లకు ఎవుడూ మేకులు కొట్టకూడదని."

"బాగుండాది. నీ రాతకు ఇన్నాళ్ళకు ఒక మంచి జరిగినాది," అంది.

తాడు మాట నేను చదవలేదు. దాచిపెట్టాలని కాదు. అప్పుడు కూడా నా కంటికి ఆ తాడు గేదెల తాడే.

తరువాత కొన్నాళ్ళకు ఒక పొద్దున చెల్లెలు పడుగు పరిచింది. నేను ఇంట్లో కాఫీ తాగుతుంటే వీధిలో మాటలు వినిపించాయి. నెమ్మదిగా బయటికి వచ్చేసరికి కార్యదర్శి బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఈ బోర్డు చూడలేదా మీరు?"

"చూసినా సార్. మేకులు కొట్టకూడదని గదా. మేము యాడ కొట్టినాము? తాడే గదా కట్టుండేది."

"తాడు కూడా కట్టకూడదనే ఉండాది."

మా చెల్లెలు నవ్వింది. "లేదు సార్. మా అన్న సదివి చెప్పినాడు. ఆయన తప్పు సదవడు."

నేను కర్ర ఊపుకుంటూ మధ్యలోకి పోయాను. "ఏమప్పా, ఈ చెట్టుకు నీళ్ళు పోసింది ఎవురనుకుంటా ఉండావు? నీ ఇంజనీరా? ఈ పిల్ల! నడుము మీద బిందె కాయలు కాసినాయి. నువ్వు నీడ కొనుక్కున్యావు, మేము పెంచినాము. తాడు కట్టొద్దని చెప్పేదానికి మీరెవురు?"

వీధిలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. కార్యదర్శికి కోపం రాలేదు. అదే నన్ను చంపింది.

"పెద్దాయనా, అరవొద్దప్పా. మేమేమి చెప్పినాము? ఈ ఆర్డరు తెప్పించిందే మీరు. అర్జీ ఫైల్లో ఉండాది, కింద మీ సంతకం ఉండాది. తాడు అనింది మీరే, మినహాయింపు లేదనింది మీరే. ఒకరికి వదిలితే రేపు పాలవాడు వస్తాడు, పార్టీవాడు వస్తాడు. మీరే చెప్పండి, నేనేమి చేసేది?"

చెల్లెలు కుంచె పట్టుకునే నా వైపు చూసింది.

"ఏమన్నా, తాడని కూడా రాసినావా?"

"రాసినాను."

"ఏంటికి?"

"మే, గేదెలు కడతా ఉండిరి గదా..."

ఆమె పడుగు వైపు చూసింది. "సరి. గంజి ఆరిపోతా ఉండాది. వచ్చి కుంచె పట్టు."

ముసలి నేతగాళ్ళలో ఒకతను పక్కకు తప్పుకుని నాకు కుంచె ఇచ్చాడు. నేను కుంచె పట్టి ఎన్నేళ్ళయిందో. ఆమె అటు, నేను ఇటు, తలవంచుకుని దువ్వుకుంటూ పోయాం. కార్యదర్శి "ఈ ఒక్క రోజుకు కానీండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నా పక్కన పోగులు చాలా తెగాయి. ఆమె ఒక్కటీ ఎత్తి చూపకుండా, వెనకే వచ్చి తనే ముడివేసుకుంది.

మరుసటి వారమే నేను ఆఫీసుకు పోయాను. మూడు పేజీల అర్జీ రాసుకుని పోయాను. కుర్చీలో ఉన్న అతను కుర్రవాడు, మంచివాడే. నన్ను కూర్చోబెట్టి, పాత కాగితం తీసి చూపించి, అరవంలో అన్నాడు: "పెద్దాయనా, మీరు రాసినంత గట్టిగా మా వాళ్ళు కూడా రాయలేరు. ఇందులో ఒక్క సందు కనిపిస్తే చెప్పండి, నేనే దూరి వస్తాను." నేను చదివాను. నిజమే. సందు లేదు. నాలుగు రోజులు కూర్చుని అన్ని సందులూ మూసింది నేనే కదా.

చెట్లకు కాకుండా ఇనుప స్తంభాలకు కట్టుకుంటామని సంగాన్ని అడిగాను. వీధంతా సిమెంటు బిళ్ళలు పరుస్తున్నారట, స్తంభాలు నాటితే పగులుతాయట. "మీ చెల్లెలు మాకు అక్క మాదిరి" అని మాత్రం కార్యదర్శి ప్రతిసారీ అంటాడు. అక్క మాదిరి అయితే నీ ఇంటి ముందు పరుచుకోనీరా అని అడగాలి. అడిగాను కూడా. నవ్వి, టీ తెప్పించాడు.

తరువాతి పడుగు చెల్లెలు ఏట్లో పరిచింది. మా ఏట్లో నీళ్ళు ఉండవు, ఇసుకే. తిన్నగా, ఎంత పొడుగైనా పరుచుకోవచ్చు, అడిగేవాడు లేడు. నీడా లేదు. తెల్లవారకముందే మొదలుపెట్టినా, సగం దువ్వేసరికి ఎండ వచ్చింది, ఎండతో గాలి వచ్చింది. తడి గంజి మీద ఇసుక పొడి వచ్చి పరుచుకుంది. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అంత పొడుగు పడుగుకు ఒక్క గొడుగు! కోడలు నన్ను చూసి నవ్వబోయి, అత్త మొహం చూసి మానుకుంది.

ఆ పడుగునే నేసింది, పారేయడానికి మనసొప్పక. నూలిచ్చి లుంగీలు తీసుకుపోయే మేస్త్రీ ఒక లుంగీ విప్పి మోచేతి మీద రుద్దుకున్నాడు. "అక్కా, ఇది లుంగీనా, వడ్రంగోళ్ళ ఉప్పు కాగితమా? కట్టుకున్నోడు కోర్టుకు పోతాడే!" అన్నాడు. మా చెల్లెలు కూడా నవ్వింది. మేస్త్రీ వెళ్ళేటప్పుడు మళ్ళీ నూలు దించలేదు. ఇంకో నెల చూద్దాం అక్కా అన్నాడు. ఆ నెల రాలేదు.

మగ్గం విప్పి కట్టెలు పెరట్లో పేర్చారు. కోడలు ఆంబూరులో బూట్ల కంపెనీకి పోతోంది, వ్యాను వచ్చి తీసుకుపోతుంది. మా చెల్లెలికి ఈ వయసులో కంపెనీలో పని ఎవరిస్తారు? ఎవరివల్లా కాని సాయం కార్యదర్శి చేశాడు, సంగం తరఫున. మా వీధి ఊడ్చే పని ఇచ్చాడు. కానుగలు ఆకు రాల్చే కాలంలో సిమెంటు బిళ్ళల మీద గుట్టలు పడతాయి. నడిచేవాళ్ళు జారతారని రోజుకు రెండుసార్లు ఊడవాలి. చీర మీద పచ్చ కోటు ఒకటి ఇచ్చారు. వెనక సంగం పేరు అచ్చు వేసి ఉంటుంది. నేను ఆ పేరు ఆమెకు ఎప్పుడూ చదివి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

సంగంవాళ్ళు చెట్ల కింద సిమెంటు బెంచీలు వేశారు. మొన్న పొద్దున నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఆమె అవతలి చెట్టు నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది. నడుము వంగింది.

"మే, ఇట్ల విడిచిపెట్టేది లేదు. కలెక్టరుకే రాస్తాను ఈసారి. చెట్లు పెట్టింది ఎవరు, పెంచింది ఎవరు, అంతా రాస్తాను. పేపరువాళ్ళకు కూడా ఒకటి పంపిస్తాను."

ఆమె చీపురు ఆపలేదు. "రాయొద్దన్నా."

"ఏంటికి? బయమా?"

"బయం కాదు. నువ్వు బాగా రాస్తావు. ఈ పనీ పోతాది."

అందులో ఎగతాళి ఉందా అని మొహంలోకి చూశాను. లేదు. నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"కాళ్ళు ఎత్తన్నా. కిందంతా ఆకు ఉండాది."

ఎత్తాను. ఆమె బెంచీ కింద ఊడ్చుకుని తరువాతి చెట్టు దగ్గరికి పోయింది.